చిన్న కేసుల్లో చిక్కిన స్త్రీలు: జామీను నుంచి రాజీ దాకా

పక్కింటావిడతో గొడవలో చేయి చేసుకుందని, పనిచేసే ఇంట్లో వస్తువు పోతే తీసిందని, బస్టాండులో పర్సు కొట్టేసిందని, నాటుసారా అమ్మిందని స్త్రీల మీద కేసులు పడుతూనే ఉంటాయి. దేశంలోని ఖైదీల్లో స్త్రీలు సుమారు నూటికి నలుగురే. తక్కువమంది కావడం వల్లనే కాబోలు, వాళ్ల గురించి విడిగా ఆలోచించడం చాలా ఆలస్యంగా మొదలైంది. ఉచిత న్యాయ సహాయం ఒక దారిన పెరిగింది, పదిమందిలో కూర్చుని రాజీ చేసే పద్ధతి ఇంకో దారిన పెరిగింది. ఈ రెండూ కలవవలసిన చోట ఇంకా కలవలేదు, నష్టం అక్కడే జరుగుతోంది.

పోలీసు రికార్డులో పేరు ఎక్కితే ఏమవుతుందో తెలుగు నేల మీద కొన్ని కులాలకు బాగా తెలుసు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ చేతుల్లో నడిచిన స్టువర్టుపురం సెటిల్‌మెంట్‌లో ఎరుకల కుటుంబాలను ఉంచారు. అక్కడివాళ్లను చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పనికి పంపారు. ఒక మనిషి చేసిన పనికి కాకుండా పుట్టుకకే నేరం అంటగట్టిన చట్టం అది. దేశమంతటా దాన్ని రద్దు చేసింది 1952లో. అయితే పాత నేరస్థుల మీద నిఘా పెట్టే చట్టాలు వేరే పేరుతో మిగిలాయి. దొంగతనం జరగగానే ఫలానా గూడెం మీదికి వెళ్లే అలవాటూ మిగిలింది. భర్త దొరకకపోతే భార్యను స్టేషనుకు తీసుకెళ్లి కూర్చోబెట్టడం ఆ అలవాటులో భాగమే.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా బీదవాళ్లకు అసలు అడ్డంకి జామీనే. 1978లో మోతీరామ్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తాపీమేస్త్రీని పదివేల రూపాయల షూరిటీ తెమ్మన్నారు. అతని సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో అడిగిన ప్రశ్న మనవాళ్లకు నేరుగా తగులుతుంది: ఒక మలయాళీనో, కన్నడిగుణ్ణో, తమిళుణ్ణో, తెలుగువాణ్ణో బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో దొంగతనం కేసులో పట్టుకుంటే, ఆ జిల్లాలో జామీను ఇచ్చేవాళ్లను ఎక్కడి నుంచి తెస్తాడు? వలస కూలీగా వెళ్లిన తెలుగు స్త్రీకి ఈ చిక్కు రెట్టింపవుతుంది. ఆమె పేరున పొలం ఉండదు, ఇల్లు ఉండదు. పుట్టింటివాళ్లు పరువు పోయిందని మొహం చాటేస్తారు.

మరుసటి ఏడాదే, 1979లో, బీహారు జైళ్ల సంగతి బయటపడింది. విచారణే మొదలవకుండా ఏళ్ల తరబడి మగ్గుతున్నవాళ్ల గురించి పత్రికల్లో వచ్చిన కథనాల ఆధారంగా న్యాయవాది పుష్పా కపిలా హింగోరాణీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే హుస్సైనారా ఖాతూన్ కేసు. నేరమేదీ చేయని స్త్రీలను కూడా ‘రక్షణ’ పేరుతో జైల్లో ఉంచారని అప్పుడు తెలిసింది. వాళ్లలో కొందరు బాధితులు, కొందరు సాక్షులు. బీద నిందితులకు ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వడం జీవించే హక్కులో భాగమేనని జస్టిస్ భగవతి తేల్చారు. బొంబాయి జైల్లోని స్త్రీలతో మాట్లాడి పాత్రికేయురాలు షీలా బర్సే కోర్టుకు రాసిన ఉత్తరం 1983లో ఇంకో అడుగు ముందుకు వేయించింది. స్త్రీలకు విడి లాకప్ ఉండాలని, అక్కడ మహిళా కానిస్టేబుళ్లే కాపలా ఉండాలని, అరెస్టు చేయగానే దగ్గరి న్యాయ సహాయ కమిటీకి కబురు పంపాలని కోర్టు చెప్పింది.

ఈ తీర్పుల తర్వాతే న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది. 1987లో చేసిన చట్టం అమల్లోకి వచ్చింది మాత్రం 1995 నవంబరు 9న. అందులో 12వ సెక్షన్ కింద స్త్రీలకు ఆదాయ పరిమితి లేదు. స్త్రీ అయితే చాలు, ఉచిత వకీలును అడగవచ్చు. ఎంతో ఉదారమైన ఈ నిబంధన గురించి తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. అడగకపోయినా, ఈ హక్కు ఉందని చెప్పడం మేజిస్ట్రేటు బాధ్యత అని 1986లోనే సుప్రీంకోర్టు సుఖ్‌దాస్ కేసులో చెప్పింది.

ఇక రాజీ సంగతి. ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీ ఎప్పటి నుంచో ఉంది. అందులో ఆడమనిషి తప్పు చేసిందంటే తండ్రో భర్తో జరిమానా కట్టేవాడు, ఆమె మాట ఎవరూ వినేవారు కాదు. దీన్ని మార్చాలని మహిళా సమాఖ్య అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద 1990లలో గుజరాత్‌లో, ఉత్తరప్రదేశ్‌లో నారీ అదాలత్‌లు పెట్టారు. మన దగ్గర అదే కార్యక్రమం 1993లో మహిళా సమత పేరుతో మొదలైంది. చెట్టు కింద, అరుగు మీద స్త్రీలే కూర్చుని తగవులు తీర్చారు. గొప్ప పని అది. అయితే వాళ్ల దగ్గరికి వచ్చింది ఎక్కువగా దెబ్బలు తిన్న భార్యలు, మనోవర్తి రానివాళ్లు. ‘నా మీద కేసు పెట్టారు’ అంటూ వచ్చే స్త్రీ కోసం అలాంటి అరుగు ఏర్పడలేదు. ఆమె దారి లోక్ అదాలత్ వైపే తిరిగింది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అక్కడ జరిగేదే. లోక్ అదాలత్ రోజుల్లో చిన్న కేసులు రెండు విధాలుగా ముగుస్తాయి. ఒకటి రాజీ. దొంగతనం, కొట్లాటలో చిన్న గాయం వంటి నేరాల్లో అవతలివాళ్లు ఒప్పుకుంటే కేసు కొట్టివేస్తారు. చట్టం దృష్టిలో నిందితురాలు నిర్దోషిగా విడుదలైనట్టే. రెండోది ఒప్పుకోలు. తప్పు చేశానని ఒక్క మాట చెప్పి, జరిమానా కట్టి బయటకు రావడం. చట్టం దృష్టిలో ఇది శిక్ష, రికార్డులో నిలిచిపోతుంది. ఇంటికి వెళ్లే స్త్రీకి మాత్రం రెండూ ఒకటే, సాయంత్రానికి పిల్లల దగ్గర ఉంటుంది. కూలి పోగొట్టుకుని వాయిదాకు తిరగలేక, ‘ఒప్పేసుకోమ్మా, అయిపోతుంది’ అని ఎవరో చెబితే ఒప్పేసుకుంటుంది. మళ్లీ ఎక్కడైనా వస్తువు పోతే ఆ రికార్డు బయటకు వస్తుంది. ఒక మంచి వకీలు పక్కన ఉంటే అవతలివాళ్లతో మాట్లాడించి రాజీకి తెస్తాడు. కుదరకపోతే 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద మందలింపుతో వదిలేయమని కోరతాడు. ఆ చట్టం కింద విడుదలైతే శిక్ష వల్ల వచ్చే అనర్హతలు అంటవు. వకీలు అవసరం అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది ఆ కొద్ది నిమిషాల్లోనే. ‘చిన్న కేసే కదా’ అని వకీలు లేకుండా సాగిపోయేదీ ఆ నిమిషాల్లోనే.

నాటుసారా, భిక్షాటన వంటి కేసుల్లో ఇదీ కుదరదు. ఎదుట బాధితుడంటూ ఎవరూ ఉండరు, రాజీ ఎవరితో పడాలి? దూబగుంట స్త్రీలు 1992లో సారా మీద తిరగబడి చరిత్ర సృష్టించారు. నిషేధం వచ్చాక బతుకు తెరువు లేక నాటుసారా కాచిన స్త్రీలూ కేసుల్లో ఇరుక్కున్నారు. వాళ్ల కథ రాసినవాళ్లు తక్కువ.

పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత కొంత మార్పు తెచ్చింది. అయిదు వేల రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి శిక్ష పడినవాళ్లు వస్తువును గానీ దాని విలువను గానీ తిరిగి ఇచ్చేస్తే జైలు ఉండదు, సమాజ సేవ చేయిస్తారు. ఈ నేరం బెయిలబుల్, అంటే జామీను హక్కుగా దొరుకుతుంది, పైగా వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయడానికి వీల్లేదు. 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టం సామాజిక మధ్యవర్తిత్వానికి చోటిచ్చింది, కానీ అక్కడ కుదిరిన ఒప్పందానికి కోర్టు డిక్రీ బలం లేదు. రాజీకి వీలున్న నేరాలను కోర్టు మధ్యవర్తి దగ్గరికి పంపవచ్చు. అక్కడ తేలినదాన్ని మళ్లీ కోర్టే పరిశీలించాలి. ఊళ్లో నలుగురి మధ్య కుదిరిన మాటను కోర్టు నమోదు చేసేదాకా ఆమె మీద కేసు నడుస్తూనే ఉంటుంది, వాయిదాకు రాకపోతే వారెంటు వస్తుంది. ఆ కాగితం కోర్టుకు చేరేలా చూడమని న్యాయ సేవాధికార సంస్థ వకీలును గానీ, ఆ సంస్థ తరఫున పనిచేసే పారా లీగల్ వలంటీరును (న్యాయ సహాయ కార్యకర్తను) గానీ పైసా ఖర్చు లేకుండా అడిగే హక్కు ఆమెకు ఉంది. అందుకు ఫోను నంబరు 15100.