పొట్టివాళ్ళకి జూడో రాదా అని అడిగిన పిల్లకి, మిగతా పిల్లలకి కూడా

పిల్లలూ,

మొన్న ఫోన్లో చిన్నది ఒక ప్రశ్న అడిగింది, దానికి జవాబు ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేది కాదని ఈ ఉత్తరం రాస్తున్నా, అందరూ కూర్చుని చదవండి. దాన్ని స్కూల్లో జూడోలో చేర్చారు కదా, క్లాసు మొత్తంలో పొట్టిది అదేనట. "తాతయ్యా, నాకు జోడీగా వేసిన అమ్మాయి చేతులు నా మెడ దాకా వచ్చేస్తాయి, నా చేతులు దాని దాకా పోవు, పొట్టివాళ్ళకి జూడో రాదా?" అని.

ఎందుకు రాదమ్మా, బ్రహ్మాండంగా వస్తుంది. ఆడవాళ్ళ జూడోలో అందరికంటే గొప్ప ఎవరు అని అడిగితే చాలామంది చెప్పే పేరు ఒక పొట్టావిడదే. రియోకో తాని. పెళ్ళికి ముందు రియోకో తమురా. జపాన్‌లో ఫుకుఒకాలో 1975లో పుట్టింది, ఎత్తు 146 సెంటీమీటర్లు. టేపు తీసుకుని గోడ మీద 146 దగ్గర పెన్సిల్‌తో ఒక గీత గీయండి, మీ అమ్మ తిడితే నేను గీయమన్నానని చెప్పండి, ఆ గీత చూస్తే అర్థమవుతుంది ఎంత చిన్న మనిషో. అలాగని ఆవిడ ఏనుగుల్లాంటి వాళ్ళని ఎత్తి పడేసిందని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి. జూడోలో బరువుల్ని బట్టి క్లాసులుంటాయి, ఈవిడది 48 కిలోల క్లాసు, అంటే ఎదుటివాళ్ళు కూడా ఆ 48 లోపే ఉండాలి. కానీ అదే బరువులో పొడుగ్గా ఉన్న మనిషికి చేతులు పొడుగు, పట్టు దూరం నుంచే దొరుకుతుంది, మనం దగ్గరికి వెళ్ళేలోపే కాలర్ పట్టేసుకుంటారు. చిన్నదాని బాధ కూడా సరిగ్గా ఇదే కదా.

మరి ఆవిడ ఏం చేసేది? ఇది చెప్పాలంటే నేను మా ఊరి రైసు మిల్లు దగ్గరికి వెళ్ళాలి.

మా చిన్నప్పుడు బడి అయ్యాక నేను ఇంటికి పోకుండా మిల్లు దగ్గర నిలబడి బస్తాలు దించడం చూసేవాణ్ణి. ధాన్యం బళ్ళు వరసగా వచ్చి ఆగేవి, ఒక్కో బస్తా 75 కిలోలు. హమాలీల్లో ఒకతను ఉండేవాడు, అందర్లోకీ పొట్టి, సన్నగా ఉండేవాడు, కానీ అతను మోసినన్ని బస్తాలు ఎవరూ మోసేవాళ్ళు కాదు. సాయంత్రం ఎండ పడుతుంటే దుమ్ములో నిలబడి నేను అతన్నే చూసేవాణ్ణి, ఆకలి కూడా తెలిసేది కాదు. అతను బస్తాని ఎత్తేవాడు కాదు పిల్లలూ. అసలు ఎత్తేవాడే కాదు. బండి అంచున ఉన్న బస్తా మూతి దగ్గర రెండు మూలలు పట్టుకుని ముందు తనవైపుకి లాగేవాడు, బస్తా కొంచెం ఒరిగి, ఇక పడుతుందా నిలుస్తుందా అన్నట్టు ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, ఆ క్షణంలో గిర్రున వెనక్కి తిరిగి, మోకాళ్ళు వంచి, వీపు దాని కింద పెట్టేసేవాడు. బస్తా తనంతట తనే వచ్చి వీపు మీద పడేది. తర్వాత మోకాళ్ళు నిటారు చేయడమే. పొడుగువాళ్ళు అంత కిందకి వంగాలంటే నడుం పట్టేసేది, ఇతనికి వంగాల్సిన పనే తక్కువ.

జూడోలో సెయోయి నగే అని ఒక త్రో ఉంది, రియోకో చేతిలో అది కత్తిలాంటిది. అది మా మిల్లు హమాలీ చేసిన పనే, అక్షరాలా. ఒక చేత్తో ఎదుటివాళ్ళ చొక్కా చెయ్యి, ఇంకో చేత్తో కాలర్ పట్టుకుని, ముందు లాగి ఒరగనివ్వాలి. జపాన్‌వాళ్ళు దీన్ని కుజుషి అంటారు. ఒరగగానే తిరిగి కిందకి దూరడం, దాన్ని త్సుకురి అంటారు. చివర్లో విసరడం, అది కాకే. క్లాసులో చాలామంది పిల్లలు మూడోదాంతో మొదలుపెడతారు, నిలబడ్డ బస్తాని పట్టుకుని ఎత్తాలని చూస్తారు, అది కదలదు, అప్పుడు నాకు బలం లేదు అని ఏడుపు. బలం సంగతి తర్వాత. ముందు బస్తా ఒరిగిందా లేదా? 146 సెంటీమీటర్ల మనిషి నడుము ఎక్కడుంటుందో ఆలోచించండి, ఎదుటివాళ్ళ నడుముకంటే ఎప్పుడూ కిందే. అందరూ కష్టపడి వంగి చేరాల్సిన చోట ఆవిడ మామూలుగా నిలబడే ఉంటుంది. పొడుగువాళ్ళకి దూరం నుంచి పట్టు ఉంటే ఈవిడకి కింద చోటు ఉంది. ఎవరి ఆస్తి వాళ్ళది.

అయితే బస్తాకి మనసు లేదు, మనిషికి ఉంది. మిల్లు దగ్గర బస్తా రేపు ఇంకోలా ఒరుగుదాం అనుకోదు. మనిషి అనుకుంటాడు, మనం కుడివైపు లాగుతామని తెలిస్తే ఎడమవైపు బరువేసి నిలబడతాడు. ఇక్కడే రియోకో కథ నాకు చాలా ఇష్టం.

ఆవిడ ఎనిమిదేళ్ళకి జూడో మొదలుపెట్టింది. ఆడవాళ్ళ జూడోకి ఒలింపిక్స్‌లో పతకాలు ఇవ్వడం మొదలైందే 1992 బార్సిలోనాలో, మగవాళ్ళకి 1964 టోక్యోలోనే వచ్చేసింది, ఆడపిల్లలు అన్నేళ్ళు ఆగాల్సి వచ్చింది, ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి. ఆ మొదటిసారే ఈ పిల్ల వెళ్ళింది, అప్పటికి 16 ఏళ్ళు. సెమీస్‌లో, అప్పటికే నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన బ్రిటన్ క్రీడాకారిణి కరెన్ బ్రిగ్స్‌ని ఓడించింది. ఫైనల్లో ఫ్రాన్స్ అమ్మాయి సెసిల్ నోవాక్ చేతిలో ఓడిపోయి వెండి పతకంతో ఇంటికొచ్చింది. సరే, చిన్నపిల్ల, పర్లేదు అనుకున్నారు అందరూ. తర్వాత వరసగా 84 మ్యాచ్‌లు గెలిచింది. 84! 1993లో ప్రపంచ చాంపియన్, 1995లో మళ్ళీ చాంపియన్. ఇంక 1996 అట్లాంటాలో బంగారం ఖాయం అని జపాన్ అంతా అనుకుంటే, ఫైనల్లో ఎదురొచ్చింది ఉత్తర కొరియా అమ్మాయి కే సున్ హుయ్, అప్పటికి ఆ పిల్ల పేరు పెద్దగా ఎవరూ వినలేదు. వయసు ఎంతో తెలుసా? 16. నాలుగేళ్ళ కింద తను బార్సిలోనాకి వెళ్ళిన వయసే. ఆ పిల్ల గెలిచింది. రియోకోకి మళ్ళీ వెండి.

నేనైతే ఆ ఫైనల్ గురించి ఎన్నిసార్లు ఆలోచించానో. 84 సార్లు ఒరిగిన బస్తా 85వసారి ఒరగలేదు. అలాంటప్పుడు మనిషికి ఎంత కోపం వస్తుందో, ఎంత సిగ్గేస్తుందో, ఊరంతా చూస్తుంటే. మానేసేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళని కూడా నేను తప్పు పట్టను. ఆవిడ మానలేదు. 1997, 1999 ప్రపంచ పోటీలు గెలిచి, 2000లో సిడ్నీకి వెళ్ళే ముందు అందరికీ చెప్పింది, గొప్పగా ఆడితే బంగారం, అధమం ఆడినా బంగారమే అని. అంత మాట బయటికి అనడానికి ఎంత ధైర్యం ఉండాలి, రెండుసార్లు ఫైనల్లో ఓడిన మనిషికి! ఫైనల్లో రష్యా క్రీడాకారిణి ల్యుబోవ్ బ్రులెటోవాని నిమిషం కూడా గడవకుండానే ఉచిమాతాతో వెల్లకిలా పడేసింది, ఇప్పోన్, అంటే అక్కడితో మ్యాచ్ అయిపోయినట్టే. ఉచిమాతా అంటే ఎదుటివాళ్ళ కాళ్ళ మధ్యలోకి మన కాలు పోనిచ్చి తొడతో పైకి లేపేయడం. మా హమాలీకి ఆ పని తెలీదు, కానీ ముందు ఒరగనివ్వడం మాత్రం ఇక్కడా అదే, చూడండి.

ఎనిమిదేళ్ళు పట్టింది ఆ ఒక్క బంగారానికి. మీకు ఎనిమిది వారాలు కాగానే రాలేదు అంటారు, నాకు కోపమొచ్చేది అక్కడే.

తర్వాత 2003లో తాని యోషితోమో అనే బేస్‌బాల్ ఆటగాణ్ణి పెళ్ళి చేసుకుంది, 2004 ఏథెన్స్‌కి ఇద్దరూ వెళ్ళారు, ఆయన బేస్‌బాల్ టీమ్‌కి కాంస్యం వచ్చింది, ఈవిడ ఫైనల్లో ఫ్రాన్స్ క్రీడాకారిణి ఫ్రెడెరిక్ జోసినేని ఓడించి రెండో బంగారం తెచ్చుకుంది. తమురాగా బంగారం, తానిగా బంగారం అని ముందే చెప్పి మరీ గెలిచింది. 2005లో తల్లి కాబోతోంది కాబట్టి ఆ ఏడు ప్రపంచ పోటీలకి వెళ్ళలేదు. 1993 నుంచి 2003 దాకా జరిగిన ఆరింటికి ఆరూ ఆవిడవే, మరి బిడ్డ పుట్టాక అయిపోయిందనుకున్నారు జనం, 2007లో రియోలో ఏడోది కూడా గెలిచింది. పసిబిడ్డతో రాత్రిళ్ళు నిద్ర ఎలా ఉంటుందో మీ అమ్మల్ని అడగండి, అడిగితే గానీ ఆ ఏడోదాని విలువ మీకు తెలీదు.

చివరి ఒలింపిక్స్ 2008 బీజింగ్. సెమీస్‌లో రొమేనియా అమ్మాయి అలీనా డుమిత్రు, ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు పట్టు ఇవ్వకుండా తిరుగుతూనే ఉన్నారు, ఇద్దరికీ కింద చోటు దొరకలేదు. ఆఖర్లో దాడి చేయట్లేదని రియోకోకి పెనాల్టీ పడింది, దాంతో మ్యాచ్ పోయింది. ఎవరూ ఆవిణ్ణి పడేయలేదు. జూడోలో ఊరికే కాచుకుని ఉండటం కూడా తప్పే, రూల్ అలా ఉంది, నాకు ఆ రూల్ నచ్చుతుంది కానీ ఆ రోజు మాత్రం మనసు ఒప్పుకోలేదు. డుమిత్రు ఆ తర్వాత బంగారమే గెలిచింది కాబట్టి ఎవరో అల్లాటప్పా మనిషి చేతిలో ఓడినట్టు కాదు. రియోకో అదే రోజు ఇంకో మ్యాచ్ ఆడాలి, కాంస్యం కోసం. ఏడుపు గొంతులో పెట్టుకుని మళ్ళీ మ్యాట్ ఎక్కి ఇప్పోన్‌తో గెలిచింది. నాకు ఆవిడ రెండు బంగారాలకంటే ఈ కాంస్యం ఎక్కువ అనిపిస్తుంది, ఎందుకంటే దానికి ఎవరూ పాటలు పాడరు, అయినా ఆడింది. అయిదు ఒలింపిక్స్, అయిదు పతకాలు. 2010లో జపాన్ పార్లమెంట్ ఎగువసభకి ఎన్నికై, ఆ ఏడాదే ఆట నుంచి రిటైర్ అయ్యింది.

ఇప్పుడు చిన్నది ఇంకోటి అడుగుతుంది, నాకు తెలుసు, "ఒరిగింది అని ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అని. అది నేను చెప్పలేనమ్మా. మా హమాలీ కూడా చెప్పలేకపోయాడు, అడిగితే చేతులు చూపించాడు. చొక్కా పట్టుకున్న వేళ్ళకి తెలుస్తుందట, కంటికంటే ముందు. కన్ను చూసి, బుర్ర ఆలోచించి, కాలు కదిలేలోపు అవతలి మనిషి సర్దుకుంటాడు, కాబట్టి వేళ్ళే కాళ్ళతో మాట్లాడుకోవాలి, మధ్యలో మనం అడ్డు రాకూడదు. ఇంత పెద్ద వయసొచ్చినా నాకు ఇది తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. వేలసార్లు చేస్తే వస్తుంది అంటారు, అందుకే జూడోవాళ్ళు విసరకుండా ఊరికే తిరిగి కిందకి దూరడం ఒక్కటే మళ్ళీ మళ్ళీ చేస్తారు, ఉచికోమి అంటారు, చూడ్డానికి బోరు, కానీ మానొద్దు.

ఇంకొకటి, మ్యాట్ లేని చోట, సార్ లేనప్పుడు ఒకళ్ళనొకళ్ళు విసురుకోవడం చేశారో, మీ నాన్నకంటే ముందు నేనే వస్తా. ముందు పడటం నేర్చుకోండి, గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో మ్యాట్‌ని గట్టిగా కొట్టి. రియోకో అయినా మొదటిరోజు నేర్చుకున్నది అదే అయ్యుంటుంది.

ఆదివారం అందరూ కలిసి సిడ్నీ ఫైనల్ వీడియో పెట్టుకోండి, సౌండ్ తీసేయండి, కామెంటరీ వద్దు. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి రియోకోని చూడకండి, అవతలావిడ పాదాలు మాత్రమే చూడండి, బరువు ఏ కాలి మీద ఉంది, మడమ ఎప్పుడు లేచింది. ఒకళ్ళు ఇప్పుడే అంటారు, ఇంకొకళ్ళు కాదు అంతకు ముందే అంటారు, దెబ్బలాడుకోకుండా మళ్ళీ స్లోగా పెట్టి తేల్చుకోండి, ఏ సెకను దగ్గర తేలిందో కాగితం మీద రాసి నాకు పంపండి, నేను కూడా ఇక్కడ చూసి నా లెక్క రాసి పెట్టుకుంటా.

మీ తాతయ్య