శాలరీలో ఉప్పెంత? అపోహలు - వాస్తవాలు

ఆంగ్ల పదాల వ్యుత్పత్తిని బోధించేవారికి అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే కథ శాలరీది. ఉప్పు తిన్నవారికి విశ్వాసంగా ఉండాలని పెద్దలు చెప్పగా విన్న మనకు అది ఇట్టే నచ్చుతుంది కూడా.

అపోహ: రోమన్ సైనికులకు జీతం ఉప్పు రూపంలో ఇచ్చేవారు.

వాస్తవం: శాలరీకి మూలమైన సలారియం అనే లాటిన్ పదం, ఉప్పు అనే అర్థమున్న సాల్ నుంచి వచ్చిన మాట నిజమే. అయితే సైనికులకు జీతంగా ఉప్పు కొలిచి ఇచ్చారని చెప్పే ప్రాచీన గ్రంథం ఒక్కటీ లేదు. వారి జీతానికి స్టిపెండియం అనే వేరే పేరుంది. జూలియస్ సీజర్ దానిని రెట్టింపు చేశాక సాధారణ సైనికుడికి ఏడాదికి 225 దెనారియస్ వెండి నాణేలు లెక్కకట్టి, అందులోంచి తిండికీ బట్టలకూ కోత వేసేవారు.

అపోహ: సలారియం అంటే ఉప్పు కొనుక్కోవడానికి ఇచ్చిన భత్యం.

వాస్తవం: 1879లో వెలువడిన లూయిస్, షార్ట్‌ల లాటిన్ నిఘంటువు కూడా ఇలాగే చెప్పింది కనుక దీనిని తప్పుపట్టడానికి చాలామంది జంకుతారు. కానీ ఇది నిఘంటుకారుల ఊహే తప్ప నేరుగా దొరికిన సాక్ష్యం కాదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వత విస్ఫోటనంలో మరణించిన రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్ర 31వ సంపుటంలో, గౌరవ పదవులతోనూ సైనిక సేవతోనూ ఉప్పుకు సంబంధం ఉందనీ, సలారియం అనే పేరు అందువల్లే వచ్చిందనీ ఒక్క ముక్కలో చెప్పి, రోమ్ పొరుగువారైన సేబైనుల దేశానికి ఉప్పు మోసుకుపోయిన సలారియా రహదారి ప్రస్తావనకు వెళ్లిపోతాడు. ఆ సంబంధం ఎలాంటిదో ఆయన వివరించలేదు. సామ్రాజ్య కాలంలో ఆ మాట వాడుక చూస్తే ఉప్పు వాసనే తగలదు: ఆస్తి కరిగిపోయిన గొప్ప వంశాల సెనేటర్లకు నీరో చక్రవర్తి ఏటా సలారియం ఏర్పాటు చేశాడనీ, కొందరికి అది 5 లక్షల సెస్టర్స్ నాణేల దాకా ఉండేదనీ రోమన్ చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. అంత సొమ్ము ఉప్పు ఖర్చుకు కాదని వేరే చెప్పనక్కర్లేదు.

అపోహ: ఆనాడు ఉప్పు బంగారమంత ఖరీదు.

వాస్తవం: క్రీ.శ. 301లో రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ విధించిన గరిష్ఠ ధరల పట్టికలో ఉప్పుకూ గోధుమకూ ఒకే కొలతకు ఒకే ధర.

అపోహ: సోల్జర్ అన్న మాట కూడా ఉప్పు నుంచే వచ్చింది.

వాస్తవం: కాదు. అది సోలిడస్ అనే రోమన్ బంగారు నాణెం పేరు నుంచి, జీతమనే అర్థంలో పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది.