మస్టర్‌లో పేరు కూడా వ్యక్తిగతమేనా? సమాచార హక్కు చట్టం 8(1)(జె) వెనక 20 ఏళ్ల కథ

టీచర్ల బదిలీలు మొదలయ్యాయంటే మా అక్క ఫోను పక్కన పెట్టదు. సీనియారిటీ జాబితా ఎప్పుడు పెడతారా అని జిల్లా విద్యాశాఖ వెబ్‌సైట్‌ను అరగంటకోసారి చూస్తూ ఉంటుంది. జాబితా రాగానే ముందు తన పేరు వెతుక్కుంటుంది, తర్వాత తనకు పైన ఉన్నవాళ్ల పేర్లు చూస్తుంది. ఎవరికి ఎన్ని పాయింట్లు పడ్డాయి, స్పౌజ్ పాయింట్లు ఎవరు వేసుకున్నారు, జబ్బులాంటి కారణాలతో ప్రాధాన్యం ఇచ్చే ప్రిఫరెన్షియల్ కేటగిరీలో ఎవరున్నారు అని ఒక్కో గడీ చదువుతుంది. తప్పుంటే అభ్యంతరం పెట్టుకోవడానికి ఇచ్చేది కొద్ది రోజులే కాబట్టి ఆ టెన్షన్. ఓ ఏడాది అలా చదువుతూ ఒక పేరు దగ్గర ఆగిపోయింది. పదేళ్లు పక్క గదిలో పాఠాలు చెప్పిన ఆవిడ పేరు ఎదురుగా ‘డయాలసిస్’ అని ఉంది. ఆవిడ బళ్లో ఎవరికీ చెప్పుకోలేదు. జాబితా మాత్రం జిల్లా అంతటికీ చెప్పేసింది.

ప్రభుత్వ ఉద్యోగుల వ్యక్తిగత సమాచారం గురించి ఇన్నేళ్లుగా సాగుతున్న పేచీ అంతా ఆ ఒక్క జాబితాలో కనిపిస్తుంది. అది బయట పెట్టకపోతే పలుకుబడి ఉన్నవాళ్లు టౌన్‌కి దగ్గరి బళ్లు పట్టేస్తారు, మిగతావాళ్లు రోజూ రెండు బస్సులు మారతారు. బయట పెడితే ఒక మనిషి జబ్బు ఊరందరి నోట్లో పడుతుంది. ఆవిడకు ఆ కేటగిరీ కింద ప్రాధాన్యం ఇచ్చారని చెబితే అందరికీ సరిపోయేది. జబ్బు పేరు రాయాల్సిన పని లేదు.

2005లో సమాచార హక్కు చట్టం రాసినవాళ్లు ఈ చిక్కును ముందే చూశారు. ఆ ఏడాది అక్టోబర్ 12న అమల్లోకి వచ్చిన చట్టంలో 8(1)(జె) అనే నిబంధన పెట్టారు. ప్రజా కార్యకలాపంతోగానీ ప్రజా ప్రయోజనంతోగానీ సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని ఇవ్వనక్కర్లేదు. ఇస్తే ఒకరి ఏకాంతంలోకి అకారణంగా చొరబడినట్టయ్యే సమాచారమూ ఇవ్వనక్కర్లేదు. కానీ విస్తృత ప్రజా ప్రయోజనం ఉందని అధికారికి అనిపిస్తే అదీ ఇవ్వవచ్చు. దాని కింద ఇంకో వాక్యం ఉండేది. పార్లమెంటుకో శాసనసభకో ఇవ్వనని చెప్పలేని సమాచారాన్ని ఏ మనిషికీ ఇవ్వనని చెప్పకూడదు అని. ఎమ్మెల్యే సభలో అడిగితే వచ్చే జవాబు, మండలాఫీసు కిటికీ దగ్గర నిలబడ్డ రైతుకీ రావాలన్నమాట. నా లెక్కలో మొత్తం చట్టంలోకెల్లా గొప్ప వాక్యం అదే.

అదే చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం ప్రతి ఆఫీసూ తన ఉద్యోగుల జాబితా, ఒక్కొక్కరికి నెలకు వచ్చే జీతం ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. ఎందుకంటే అది ప్రజల డబ్బు.

ఈ తర్కం ఢిల్లీలో పుట్టలేదు. 1990ల్లో రాజస్థాన్ కూలి పనుల దగ్గర పుట్టింది. కరువు పనులకు వెళ్లిన కూలీలకు పూర్తి కూలి ఇచ్చేవారు కాదు. గట్టిగా అడిగితే, నువ్వు అంత పని చేసినట్టు కాగితంలో లేదు అనేవాళ్లు. ఆ కాగితం చూపించమంటే అది ప్రభుత్వ రహస్యం అనేవాళ్లు. 1990లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ తదితరులు మొదలుపెట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఆ కాగితాలు ఎలాగోలా సంపాదించి, 1994 డిసెంబర్‌లో కోట్‌కిరానా అనే ఊళ్లో నలుగురి ముందూ చదివించింది. వాటిలో పనికి రానివాళ్ల పేర్లు, ఊళ్లోనే లేనివాళ్ల పేర్లు ఉన్నాయి. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా నడిచింది. వాళ్లు అడిగిందల్లా మస్టర్ రోళ్లు, బిల్లులు, వోచర్ల నకళ్లు.

మస్టర్ రోల్ అంటే ఏమిటి? పేరు, హాజరు, కూలి డబ్బు, సంతకమో వేలిముద్రో. పేర్లు తీసేసిన మస్టర్‌తో ఏ దొంగనూ పట్టుకోలేం.

ఈ సంగతి తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైందే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి, 2009లో వాటికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. ఊళ్లో చదువుకున్న పిల్లలు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లు. ‘అవ్వా, ఈ వారం ఆరు రోజులు పనికి పోయినట్టు రాసినారు, నిజమేనా?’ అని అడిగి, ఆమె చేతిలోని పాస్‌బుక్‌తో పోల్చి చూసేవాళ్లు. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టేవాళ్లు. మైకులో కూలీ పేరు చదివి, ఆ హాజరు వేసిన ఫీల్డ్ అసిస్టెంట్‌ను పేరుపెట్టి పిలిచి, అందరి ముందూ సమాధానం అడిగేవాళ్లు. దేశం మొత్తం ఈ పద్ధతిని చూసి నేర్చుకుంది. ఇక్కడ కూలీ పేరూ వ్యక్తిగత సమాచారమే, ఫీల్డ్ అసిస్టెంట్ పేరూ వ్యక్తిగత సమాచారమే. రెండూ బయటికి వస్తేనే కాజేసిన డబ్బు రికవరీ జరిగేది.

ఉద్యోగుల వైపు భయం కూడా ఉత్తది కాదు. దరఖాస్తు పెట్టి, ఆ తర్వాత బేరానికి వచ్చేవాళ్లు ఉన్నారు. ఇంట్లో గొడవలకు ఆఫీసు ఫైళ్లను వాడుకునేవాళ్లు ఉన్నారు. ఒంటరిగా ఉండే మహిళా ఉద్యోగి ఫోన్ నంబరు, డోర్ నంబరు ఎవడి చేతికో వెళ్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? వరంగల్‌కు చెందిన, 2013 నుంచి 2018 దాకా కేంద్ర సమాచార కమిషనర్‌గా పనిచేసిన మాడభూషి శ్రీధర్ ఆచార్యులు పారదర్శకత వైపు గట్టిగా నిలబడ్డ మనిషి. పదేపదే ఒకే దరఖాస్తు వేసి వేధించేవాళ్లను మందలిస్తూ ఉత్తర్వులు రాసిందీ ఆయనే.

ఈ భయం ఎంత దూరం నిజమో అమెరికాలో ఒక తల్లికి తెలుసు. 2020 జూలై 19న న్యూజెర్సీలో ఫెడరల్ జడ్జి ఎస్తర్ సలాస్ ఇంటికి డెలివరీ మనిషి వేషంలో ఒక లాయర్ వచ్చి కాల్పులు జరిపాడు. ఆమె 20 ఏళ్ల కొడుకు డేనియల్ చనిపోయాడు. కొన్ని నెలలకే ఆ రాష్ట్రం డేనియల్ పేరుతో చట్టం తెచ్చింది. జడ్జీలు, ప్రాసిక్యూటర్లు, పోలీసుల ఇంటి చిరునామా, ఇంటి ఫోన్ నంబరు బయట పెట్టకూడదని అందులో ఉంది. దాచాల్సింది ఏమిటో అది స్పష్టంగా చెప్పింది. జడ్జి ఇచ్చే తీర్పులను దాచమని అనలేదు.

మన దగ్గర ఆ గీత 2012లోనే చెదిరిపోయింది. గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే అనే దరఖాస్తుదారు 2008లో ప్రావిడెంట్ ఫండ్ శాఖలోని ఒక ఎన్‌ఫోర్స్‌మెంట్ అధికారి గురించి చాలా అడిగారు. ఇచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, శిక్షలు, ఆస్తులు, అప్పులు, చివరికి కొడుకు పెళ్లికి వచ్చిన కానుకలు కూడా. సుప్రీంకోర్టు 2012 అక్టోబర్ 3న కాదంది. పనితీరు అనేది ఉద్యోగికీ యజమానికీ మధ్య విషయం, దాన్ని సర్వీస్ రూల్స్ చూసుకుంటాయి, అది వ్యక్తిగత సమాచారం కిందికి వస్తుంది అని ఆ తీర్పు సారాంశం. విస్తృత ప్రజా ప్రయోజనం చూపిస్తే ఇవ్వవచ్చని తలుపు కొంచెం తెరిచే ఉంచింది. పెళ్లి కానుకల సంగతి వదిలేయండి, అది వేరు. కానీ చార్జ్ మెమో? ప్రజల పని చేయనందుకు ఇచ్చిన మెమో ప్రజలకు సంబంధం లేని విషయం ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పార్లమెంటుకు ఇవ్వాల్సింది పౌరుడికీ ఇవ్వాలన్న వాక్యాన్ని ఆ తీర్పు పట్టించుకోలేదని మాజీ కేంద్ర సమాచార కమిషనర్ శైలేష్ గాంధీ ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు.

ఆ తీర్పు తర్వాత సమాచార అధికారుల పని తేలికైపోయింది. తీర్పు పేరు ఒక్క లైను రాసి దరఖాస్తు వెనక్కి పంపేయవచ్చు. 2017 ఆగస్టులో కెనరా బ్యాంకు కేసులో క్లర్కుల బదిలీలు, పోస్టింగుల వివరాలు కూడా వ్యక్తిగతమే అని సుప్రీంకోర్టు అంది. సహోద్యోగి ఎన్నేళ్లు ఎక్కడ పనిచేశాడో తెలియకపోతే తనకు జరిగిన అన్యాయాన్ని ఉద్యోగి ఎలా నిరూపించుకోవాలి? ఈ తలుపు మూసుకుపోతే ముందు నష్టపోయేది పలుకుబడి లేని ఉద్యోగే. సీనియారిటీ, రోస్టర్, ప్రమోషన్, బోగస్ సర్టిఫికెట్ లాంటి గొడవల్లో దరఖాస్తు పట్టుకుని తిరిగేది వాళ్లే కదా.

అదే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి మనకు కొత్తవారు కాదు, ఆంధ్రప్రదేశ్ బీసీ కమిషన్ ఛైర్మన్‌గా చేశారు. ప్రభుత్వం పౌరుడి బతుకులోకి తొంగిచూడకుండా అడ్డం పడ్డ తీర్పు అది. దాన్నే ప్రభుత్వం తన ఫైళ్లకు అడ్డం పెట్టుకుంటుందని అప్పట్లో ఎంతమంది ఊహించారో.

2019 నవంబర్ 13న, సుప్రీంకోర్టు జడ్జీల ఆస్తుల విషయంలో వచ్చిన తీర్పు ఈ తగాదాలో ఉన్నంతలో నిదానంగా ఆలోచించిన తీర్పు. వైద్య వివరాలు, మార్కులు, పనితీరు నివేదికలు, క్రమశిక్షణ చర్యలు వ్యక్తిగతమే అంటూనే, ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఇవ్వాల్సిందే, ప్రతి కేసులోనూ రెండూ తూచి చూడాలి అని చెప్పింది. ఆ తూకం ఎలా వేయాలో ధర్మాసనంలోని జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాశారు. తక్కెడ ఇంకా చేతిలోనే ఉందని అప్పుడు అనిపించింది.

వ్యక్తిగత డేటాను కాపాడే చట్టం తేవడం గురించి మొదట సలహాలు ఇచ్చినవాళ్లు కూడా తక్కెడను తీసేయమనలేదు. సమాచార హక్కుకు గోప్యతా చట్టం అడ్డు కాకూడదని 2012లో జస్టిస్ ఎ.పి. షా నిపుణుల బృందం చెప్పింది. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ముసాయిదా 8(1)(జె)ని మార్చమంది గానీ, వ్యక్తికి జరిగే హాని ప్రజా ప్రయోజనాన్ని మించితేనే నిరాకరించాలని రాసింది.

2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో మాత్రం 44(3) అనే చిన్న సెక్షన్ వచ్చింది. 8(1)(జె)లో ‘వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారం’ అన్న మాటలు తప్ప మిగతాదంతా కొట్టేసింది. ప్రజా కార్యకలాపం, ఏకాంతంలోకి చొరబాటు, విస్తృత ప్రయోజనం అన్న మాటలు పోయాయి. పార్లమెంటుకు ఇచ్చేది పౌరుడికీ ఇవ్వాలన్న వాక్యమూ పోయింది. కొత్త చట్టం లెక్కన ఒక మనిషిని గుర్తుపట్టగలిగే ఏ వివరమైనా వ్యక్తిగత డేటానే. ఆ లెక్కన బిల్లు మీద సంతకం పెట్టిన ఇంజనీరు పేరూ వ్యక్తిగతమే, కాంట్రాక్టరు పేరూ వ్యక్తిగతమే.

ఈ 44(3)ని రద్దు చేయాలని 2025లో 120 మందికి పైగా ప్రతిపక్ష ఎంపీలు సంతకాలు చేశారు. చట్టప్రకారం వెల్లడించాల్సిన వివరాలకు కొత్త చట్టం అడ్డురాదని కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ జవాబిచ్చారు. సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ అలాగే ఉంది కాబట్టి జీతాల జాబితా విషయంలో ఆ మాట నిలుస్తుంది. అందులోనే 8(2) కూడా ఉంది, ప్రజా ప్రయోజనం హానిని మించితే ఇవ్వవచ్చని అది చెబుతుంది. కానీ ముందైతే సమాచారం ఏకాంతానికి సంబంధించిందని అధికారి చూపాలి. ఇప్పుడు పేరు ఉందంటే చాలు, మొదటి జవాబు ‘లేదు’. అక్కడి నుంచి ప్రజా ప్రయోజనాన్ని రుజువు చేసుకుంటూ మొదటి అప్పీలు, రెండో అప్పీలు, కమిషన్ అని తిరగాల్సింది అడిగినవాడే. ఉపాధి కూలీకి అన్ని రోజులు పని మానుకుని తిరగడం అయ్యే పనేనా?

2025 నవంబర్ 14న డేటా చట్టం నిబంధనలు వచ్చాయి. 44(3) ఆ రోజు నుంచే అమలు. తన వివరాలు సరిదిద్దమనే, తొలగించమనే హక్కులు, డేటా సేకరించినవాళ్ల బాధ్యతలు చెప్పే అసలు సెక్షన్లకు మాత్రం 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి. మా అక్క పక్క గదిలో పాఠం చెప్పిన ఆవిడ జబ్బు పేరు ఉన్న ఆ పీడీఎఫ్ నిన్న కూడా వెతికితే దొరికింది.