ప్యానెల్ మాయమైతే ఫార్మాట్ కొట్టకండి: లైట్ లినక్స్ సెషన్ల మీద అపోహలు - వాస్తవాలు

ముందే ఒక్క మాట చెప్పేస్తా, మిగతాది చదివినా చదవకపోయినా పర్లేదు. డెస్క్‌టాప్ కనపడకపోతే మీ ఫైళ్ళు పోయినట్టు కాదు. ఫార్మాట్ కొట్టకండి, ఎవరితోనూ కొట్టించకండి.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయినప్పటి నుంచి మన హైదరాబాద్‌లో పాత ల్యాప్‌టాప్‌లు చాలా లినక్స్ వైపు తిరిగాయి. పార్క్‌లేన్‌లో సీటీసీకి (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) వెళ్తే ఆఫీసులు వదిలించుకున్న థింక్‌ప్యాడ్‌లు వరసగా పేర్చి ఉంటాయి, కొన్నాక విండోస్ 11 ఎక్కదని తెలుస్తది, అప్పుడు ఎవరో చెప్తే లుబుంటూనో మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈనో, అంటే పాత మెషీన్ల మీద కూడా నడిచే లైట్ లినక్స్, వేయించుకుంటారు. వేసిచ్చిన రోజు అంతా బాగానే ఉంటది. ఓ వారం పోయాక ఇంట్లో పిల్లోడు యూట్యూబ్ చూసి ప్యానెల్ (మెనూ, గడియారం ఉండే పట్టీ) జరుపుతాడు, డాక్ (ఐకాన్ల వరస) వేస్తాడు, ఆటోస్టార్ట్‌లో (లాగిన్ కాగానే వాటంతటవే లేచే ప్రోగ్రాముల లిస్ట్) ఎక్కడిదో లైన్ అతికిస్తాడు, తెల్లారి ఆన్ చేస్తే నల్ల స్క్రీన్, మధ్యలో మౌస్ బాణం. వెంటనే నాకు ఫోన్. "అన్నా, మొత్తం పోయిందన్నా." ఏం పోయిందమ్మా అంటే చెప్పలేరు, కానీ గొంతు వింటే ఏడుపు ఒక్కటే తక్కువ.

అపోహ: డెస్క్‌టాప్ రావట్లేదంటే ఓఎస్ కరప్ట్ అయింది, మళ్ళీ వేయాల్సిందే.

కాదు. నా దగ్గరకొచ్చే కేసుల్లో చాలావాటికి ఓఎస్ శుభ్రంగా ఉంటది. పాస్‌వర్డ్ కొట్టగానే లైట్‌డీఎమ్మో ఎస్‌డీడీఎమ్మో (లాగిన్ స్క్రీన్ చూపించేవి) ఒక చిన్న ప్రోగ్రామ్‌ని పిలుస్తది, అది విండో మేనేజర్‌ని (విండోల అంచులు, జరపడం చూసుకునేది), ప్యానెల్‌ని, వాల్‌పేపర్ గీసేదాన్ని, మీ ఆటోస్టార్ట్ లిస్ట్‌ని లేపుతది, సెషన్ అంటే అంతకుమించి ఏం లేదు. వీటి సెట్టింగులు మీ హోమ్‌లో (మీ ఫైళ్ళుండే సొంత ఫోల్డర్) డాట్ కాన్ఫిగ్ (.config) అనే దాచిన ఫోల్డర్లో చిన్న చిన్న టెక్స్ట్ ఫైళ్ళుగా ఉంటాయి, డెస్క్‌టాప్‌కి సంబంధించినవన్నీ కలిపినా ఫోన్‌లో తీసిన ఒక్క ఫోటో అంత సైజు ఉండవు. అవి పాడైతే డెస్క్‌టాప్ రాదు, నిజమే, కానీ మీ డాక్యుమెంట్లకీ వాటికీ ఏ సంబంధం లేదు. షాపు బోర్డు ఊడి కింద పడితే లోపల సరుకంతా పోయిందని ఏడ్చినట్టుంటది మనవాళ్ళ కంగారు.

ఆ కంగారులో దగ్గర్లో ఉన్న రిపేర్ షాపుకి పోతారు. అక్కడ లినక్స్ చూసినవాళ్ళు తక్కువ, "ఓఎస్ పోయింది మేడమ్, ఫార్మాట్ చేసి విండోస్ వేసిస్తా" అంటారు, మనవాళ్ళు సరే అంటారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక ట్యూషన్ మేడమ్ అలాగే అంతా అయిపోయాక నా దగ్గరకొచ్చారు. ఏళ్ళ తరబడి టైప్ చేసుకున్న క్వశ్చన్ పేపర్లు, తెలుగులో, మ్యాథ్స్‌వి, అన్నీ ఆ ఒక్క డిస్క్‌లోనే. ఆమెకి వచ్చిన ప్రాబ్లం ఏంటంటే కింద ప్యానెల్ రాలేదు, మెనూ లేదు. అంతే. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఆ డెస్క్‌టాప్‌లో లాగౌట్ బాక్స్‌లో సెషన్ సేవ్ చేయమంటారా అని ఒక టిక్కు ఉంటది, ప్యానెల్ క్రాష్ అయి ఉన్నప్పుడు ఆ టిక్కుతో లాగౌట్ అయితే "ప్యానెల్ లేకుండా" అనే దాన్నే అది గుర్తుపెట్టుకుని ప్రతిసారీ అదే చూపిస్తది. ఆమె చెప్పిన దాన్ని బట్టి జరిగింది అదే. ఖాళీ చోట రైట్ క్లిక్ కొడితే మెనూ వచ్చేది, లేదా ఆల్ట్ ఎఫ్2 నొక్కి ప్యానెల్ పేరు (xfce4-panel) టైప్ చేస్తే వచ్చేది, తర్వాత సెషన్ అండ్ స్టార్టప్‌లోకి పోయి సేవ్ అయిన సెషన్లు క్లియర్ చేసి ఆ టిక్కు తీసేస్తే అయిపోయేది. రెండు నిమిషాల పనికి ఏళ్ళ పని పోయింది. ఆ షాపువాడి మీద నాకు ఇప్పటికీ మంటే. తెలియకపోతే తెలియదని చెప్పాలి, కనీసం ఫైళ్ళు కాపీ చేసుకున్నారా అని అడగాలి.

సరే, మీకు అలా అయితే ఏం చేయాలి. నల్ల స్క్రీన్ అయినా, పాస్‌వర్డ్ కొడితే ఒక్కసారి మెరిసి మళ్ళీ లాగిన్ స్క్రీన్‌కే వచ్చినా, ముందు లాగిన్ స్క్రీన్‌లో సెషన్ మార్చి చూడండి, ఓ మూలన చిన్న గుర్తు ఉంటది, దాన్ని నొక్కితే ఇన్‌స్టాల్ అయి ఉన్న సెషన్లన్నీ కనిపిస్తాయి. ఓపెన్‌బాక్స్‌తో (విండో మేనేజర్ ఒక్కటే ఉండే ఉత్త సెషన్) లోపలికి పోగలిగితే అక్కడ నుంచే ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి లాగేసుకోవచ్చు. అది కూడా రాకపోతే కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 నొక్కండి. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలతో లాగిన్ అడుగుతది, దాన్ని చూసి భయపడొద్దు, అది మీ సిస్టమే. కోఠి నుంచి ఒక పెద్దాయన ఫోన్‌లో ఉండి ఇదంతా చేస్తూ "బాబూ, కీబోర్డ్ కూడా పోయినట్టుంది, పాస్‌వర్డ్ కొడుతుంటే ఒక్క చుక్క కూడా పడట్లేదు" అన్నారు. పడదు అంకుల్, అక్కడ చుక్కలు చూపించదు, కొట్టేసి ఎంటర్ నొక్కండి అన్నా. నొక్కారు, లోపలికి పోయారు. డిస్క్‌లో జాగా చూపించే డీఎఫ్ కమాండ్ కొట్టిస్తే డిస్క్ నూటికి నూరు శాతం నిండిపోయి ఉంది. డిస్క్‌లో జాగా లేకపోతే సెషన్ మొదలవడానికి కావాల్సిన చిన్న ఫైల్ కూడా రాసుకోలేదు, అందుకే లాగిన్ దగ్గరే తిరుగుతది. డౌన్‌లోడ్స్‌లో నాలుగు సినిమాలు తీసేస్తే డెస్క్‌టాప్ వచ్చేసింది, ఆయన నన్ను దీవించారు, సినిమాలు పోయినందుకు మనవడు తిట్టుకుని ఉంటాడు.

లాగిన్ దగ్గర తిరగడం గురించి ఇంకోటి. పాస్‌వర్డ్ తప్పైతే తప్పని రాస్తది. ఏమీ అనకుండా మెరిసి వెనక్కి వచ్చిందంటే పాస్‌వర్డ్ కరెక్టే, సెషనే లేచి పడిపోతోంది. దానికి డిస్క్ నిండటం ఒక కారణం, రెండోది సుడో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండ్) పిచ్చి. నెట్‌లో ఎవడో చెప్పాడని మౌస్‌తో వాడే విండోల ప్రోగ్రాములు, ఒక్కోసారి ఏకంగా స్టార్ట్ఎక్స్ (డెస్క్‌టాప్‌ని చేత్తో లేపే కమాండ్) కూడా సుడోతో నడుపుతారు, దాంతో హోమ్‌లో డాట్ ఎక్స్‌అథారిటీ (.Xauthority) అనే ఫైల్ రూట్ (అడ్మిన్) పేరు మీదకి పోతది, తర్వాత మీ లాగిన్‌కి ఆ ఫైల్ ముట్టుకునే హక్కు ఉండదు. అదే ఎఫ్3 స్క్రీన్‌లో సుడో పెట్టి ఆ ఒక్క ఫైల్ తీసేసి మళ్ళీ లాగిన్ అయితే కొత్తది అదే తయారుచేసుకుంటది.

ఇవేవీ కాకపోతే సెట్టింగుల ఫోల్డర్ పేరు మార్చడం. ఇక్కడ జాగ్రత్తగా వినండి, డాట్ కాన్ఫిగ్ మొత్తం డిలీట్ చేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు, చేయొద్దు. క్రోమ్ బుక్‌మార్క్‌లు, సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు కూడా దాంట్లోనే ఉంటాయి. దాని లోపల మీ డెస్క్‌టాప్‌ది ఏదో అది మాత్రమే, ఎక్స్‌ఎఫ్‌సీఈ4 గానీ ఎల్‌ఎక్స్‌క్యూటీ (లుబుంటూ డెస్క్‌టాప్) గానీ ఓపెన్‌బాక్స్ గానీ, పేరు చివర పాత అని ఏదో ఒకటి తగిలించండి, డిలీట్ మాత్రం వద్దు. ఎక్స్‌ఎఫ్‌సీఈ అయితే లాగౌట్ అయ్యాకే చేయాలి, లోపల ఉండి చేస్తే అది మెమరీలో ఉన్న పాత సెట్టింగుల్నే మళ్ళీ రాసేస్తది, ఎన్నిసార్లు మార్చినా మారట్లేదని జుట్టు పీక్కుంటారు. మళ్ళీ లాగిన్ అయితే కొత్తగా వేసినప్పటి డెస్క్‌టాప్ వస్తది. మీ ఫైళ్ళు ఎక్కడివక్కడే.

నమ్మకం కుదరట్లేదంటే కొత్త యూజర్‌ని ఒకణ్ణి క్రియేట్ చేసి వాడితో లాగిన్ అయి చూడండి. వాడికి డెస్క్‌టాప్ వచ్చిందంటే ఓఎస్ బాగానే ఉంది, తేడా మీ హోమ్‌లోనే. అసలు సిస్టమే బూట్ కాకపోయినా లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిచేది) లేపి ఫైళ్ళు కాపీ చేసుకోవచ్చు, డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే ఆ పాస్‌ఫ్రేజ్ మాత్రం కావాలి. నిజంగా భయపడాల్సింది డిస్క్ టకటకా శబ్దం చేస్తుంటేనో, బయాస్‌లో కూడా కనపడకపోతేనో. అప్పుడు కూడా చేయాల్సింది ఆపేయడం, ఫార్మాట్ కాదు.

మిగతావి గబగబా.

ఒక సైట్‌లో చూసిన ఆటోస్టార్ట్ లైన్ ఎక్కడైనా పనిచేస్తది అనుకోవడం తప్పు. ఓపెన్‌బాక్స్‌లో అది షెల్ స్క్రిప్ట్ (ఒకదాని తర్వాత ఒకటి నడిచే కమాండ్ల ఫైల్), ఆగకుండా నడిచే ప్రోగ్రామ్ లైన్ చివర అండ్ గుర్తు (&) మర్చిపోతే దాని కింద ఉన్నవన్నీ క్యూలో నిలబడి ఉంటాయి, ప్యానెల్ కింద లైన్లో ఉంటే ఇక రాదు. ఎల్‌ఎక్స్‌డీఈ అనే ఇంకో లైట్ డెస్క్‌టాప్‌లో అది స్క్రిప్ట్ కాదు, అండ్ గుర్తు అక్కర్లేదు, లైన్ ముందు ఎట్ గుర్తు (@) పెడితే ఆ ప్రోగ్రామ్ క్రాష్ అయినా మళ్ళీ లేపుతది. పైగా మీ హోమ్‌లో ఆ ఫైల్ ఉంటే సిస్టమ్ ఫైల్‌ని అసలు చూడదు, కాబట్టి ఒక్క లైన్ రాసి పెట్టుకుంటే ఆ ఒక్కటే లేస్తది, ప్యానెల్‌కి ఎగనామం. సిస్టమ్ ఫైల్ కాపీ చేసుకుని దాని కింద మీ లైన్ కలపండి.

రెండు మూడు డెస్క్‌టాప్‌లు వేస్తే స్లో అవుతుందనేది పెద్దగా నిజం కాదు, డిస్క్ తింటాయి, మెనూ గందరగోళంగా ఉంటది, ఒకదాని ఆటోస్టార్ట్ ఐటమ్స్ ఇంకోదాంట్లో తొంగిచూస్తాయి, ర్యామ్ మాత్రం మీరు లాగిన్ అయిన సెషన్‌దే.

లైట్ డెస్క్‌టాప్ వేస్తే బ్రౌజర్ కూడా లైట్ అవుతుందనే ఆశ. అవ్వదు. 4 జీబీ ర్యామ్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిచి నన్ను తిడితే ఏం చేయను. థీమ్‌లు, ఐకాన్లు మార్చి స్పీడ్ పెంచుతా అనేవాళ్ళు ఆ టైమ్‌లో పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టించుకోండి.

అప్‌డేట్ వస్తే మన మార్పులన్నీ పోతాయంట. హోమ్‌లో చేసినవి ఉంటాయి, యూఎస్‌ఆర్ షేర్ (/usr/share) అనే సిస్టమ్ ఫోల్డర్ కింద ఫైళ్ళు కెలికితే పోతాయి, అక్కడ చేయి పెట్టకండి.

లైట్ లినక్స్‌లో తెలుగు రాదు అని చాలామంది విండోస్‌కి వెనక్కి పోయారు, ఇది వింటే బాధేస్తది. తెలుగు టైప్ చేయించే ఐబస్ చాలాసార్లు ఇన్‌స్టాల్ అయి ఉంటది, ఉత్త ఓపెన్‌బాక్స్ లాంటి సెషన్లో దాన్ని ఎవరూ లేపరు, అంతే తేడా. ఐబస్ డీమన్‌ని (ibus-daemon) ఆటోస్టార్ట్‌లో పెట్టండి, ఇన్‌పుట్ మెథడ్ ఐబస్ అని హోమ్‌లో డాట్ ఎక్స్‌ప్రొఫైల్ (.xprofile) అనే ఫైల్‌లో చెప్పండి, లాగౌట్ అయి రండి. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డ్ లేఅవుట్) అలవాటున్నవాళ్ళకి ఐబస్ కూడా అక్కర్లేదు, కీబోర్డ్ లేఅవుట్ మార్చే సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ (setxkbmap) లైన్ ఒకటి ఆటోస్టార్ట్‌లో చాలు. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే అది ఫాంట్ గొడవ, డెబియన్, ఉబుంటూల్లో ఫాంట్స్ తెలు (fonts-telu) అనే ప్యాకేజీ వేసుకోండి. వేలాండ్ (స్క్రీన్ మీద గీసే కొత్త పద్ధతి) సెషన్ ఎంచుకున్నవాళ్ళకి మాత్రం ఆ సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ లైన్ పనిచేయదు, లాగిన్ స్క్రీన్‌లో ఎక్స్11 (పాత పద్ధతి) సెషన్‌కి మారండి.

ఇక ఆల్రెడీ ఎవరో ఫార్మాట్ కొట్టేశాక ఇది చదువుతున్నవాళ్ళకి. ఆ ల్యాప్‌టాప్ ఇప్పుడే ఆపేయండి, దాని మీద కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి, రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా అదే డిస్క్‌లో వేయొద్దు. పాత తిరిగే హార్డ్ డిస్క్ అయితే కొత్త ఓఎస్ పైన రాయని భాగంలోంచి కొంత దొరకొచ్చు, డిస్క్ బయటికి తీసి వేరే సిస్టమ్‌కి తగిలించి వెతకాలి. ఎస్ఎస్‌డీ అయితే ట్రిమ్ (చెరిపిన జాగాని డ్రైవ్ తనే ఖాళీ చేసుకోవడం) వల్ల ఛాన్స్ చాలా తక్కువ, డబ్బు పెట్టేముందు వాట్సాప్‌లో, మెయిల్‌లో ఎవరికైనా పంపిన కాపీలు ఉన్నాయేమో చూసుకోండి, ట్యూషన్ మేడమ్‌కి కొన్ని పేపర్లు అలాగే జిరాక్స్ షాపుకి పంపిన మెయిల్స్‌లో దొరికాయి.