అమెరికాలో స్కాలర్‌షిప్పుకు పన్ను: మన విద్యార్థుల అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదువుకునే మన పిల్లలకు పన్ను రిటర్నులు తయారుచేయడం నా వృత్తి. ఏటా ఫిబ్రవరి నుంచి అవే అపోహలు వినిపిస్తుంటాయి. చాలావరకు సీనియర్ల నుంచి జూనియర్లకు వాట్సాప్‌లో సంక్రమించినవే.

అపోహ: స్కాలర్‌షిప్పు యూనివర్సిటీ ఉచితంగా ఇచ్చిన సొమ్ము, దానికి పన్నేమిటి?

వాస్తవం: ఆ సొమ్ము దేనికి ఖర్చయిందో చట్టం చూస్తుంది. డిగ్రీ చదివేవారు దాన్ని ట్యూషన్‌కు, తప్పనిసరి ఫీజులకు, కోర్సులో అందరూ కొనాల్సిన పుస్తకాలకు, పరికరాలకు వాడితే పన్ను లేదు. అద్దెకు, తిండికి, విమాన టికెట్లకు వాడినంత మేరకు అది ఆదాయమే. లాప్‌టాప్ సంగతి ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ కోర్సులో ప్రతి విద్యార్థీ కొనితీరాలన్న నిబంధన ఉంటే సరే, పాతది నెమ్మదిగా నడుస్తోందని కొంటే కుదరదు.

ఒక లెక్క చూడండి. ట్యూషన్, ఫీజులు కలిపి 18,000 డాలర్లు, స్కాలర్‌షిప్పు 22,000. మిగిలిన 4,000 అద్దెకు పోయింది. ఎఫ్-1 విద్యార్థి అయితే ఆ 4,000 మీద యూనివర్సిటీ మామూలుగా 14 శాతం, అంటే 560 డాలర్లు, ముందే పన్నుగా పట్టుకుని, ఆ వివరాలు తెలిపే 1042-ఎస్ ఫారం ఇస్తుంది. అందులో ఆదాయం కోడ్ 16 అని ఉంటుంది. ఆ మొత్తాన్ని నాన్‌రెసిడెంట్లు వేసే పన్ను రిటర్ను 1040-ఎన్ఆర్‌కు జతచేసే షెడ్యూల్ 1లో స్కాలర్‌షిప్పుల వరుసలో చూపాలి.

ఇక్కడే మనకో వెసులుబాటు ఉంది. నాన్‌రెసిడెంట్లకు, అంటే పన్ను లెక్కలో అమెరికా నివాసులు కానివారికి, మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి పన్ను లేకుండా తీసివేసే నిర్ణీత మొత్తం) దక్కదు. 1989లో సంతకమైన భారత్-అమెరికా పన్ను ఒప్పందం, 21వ అధికరణం రెండో పేరాలో, మన విద్యార్థులకు దాన్ని ఇచ్చింది. పెళ్లికానివారికి 2025 సంవత్సరానికి అది 15,750 డాలర్లు. వేరే ఆదాయం లేకపోతే ఫెడరల్ పన్ను సున్నా, పట్టుకున్న 560 వెనక్కి వస్తుంది. రిటర్ను వేస్తేనే సుమా! ‘పోనీలెండి, చిన్న మొత్తమేగా’ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: మా ల్యాబ్‌లో చైనా విద్యార్థి స్కాలర్‌షిప్పుకు పన్ను కట్టడం లేదు, నాకూ అంతే.

వాస్తవం: వాళ్ల దేశపు ఒప్పందం వేరు. అమెరికా సంస్థలు ఇచ్చే స్కాలర్‌షిప్పుకు మన ఒప్పందంలో అలాంటి మినహాయింపు లేదు. ఇంటి నుంచి నాన్నగారు ఖర్చులకు పంపే డబ్బు మాత్రం ఆదాయం కాదు, దాని గురించి కంగారు వద్దు.

అపోహ: టీచింగ్ అసిస్టెంట్ స్టైపెండూ స్కాలర్‌షిప్పే.

వాస్తవం: పాఠం చెప్పినందుకు, పేపర్లు దిద్దినందుకు ఇచ్చేది జీతం. జీతం వివరాలు తెలిపే డబ్ల్యూ-2 ఫారం వస్తుంది, రిటర్నులో జీతం వరుసలోనే చూపాలి. దాంతోపాటు వచ్చే ట్యూషన్ మాఫీకి సాధారణంగా పన్ను ఉండదు.

అపోహ: 1098-టి ఫారం వచ్చింది కాబట్టి ఎడ్యుకేషన్ క్రెడిట్ (చదువు ఖర్చుకు పన్నులో ఇచ్చే తగ్గింపు) నా హక్కు.

వాస్తవం: అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇది. 1098-టిలో ఒకటో గడి ట్యూషన్ కింద అందిన సొమ్ము, అయిదో గడి స్కాలర్‌షిప్పు. మీ లెక్కకు అవి పనికొస్తాయి, అంతవరకే. ఎఫ్-1 విద్యార్థి మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా నాన్‌రెసిడెంటే, క్రెడిట్‌కు అర్హత లేదు. 2021 డిసెంబరు ఆఖరి వారంలో దిగినా ఆ ఏడాది పూర్తిగా లెక్కలోకి వస్తుంది, 2025తో అయిదూ నిండుతాయి. ఆదాయం ఏమీ లేకపోయినా ఈ కాలంలో ఏటా 8843 ఫారం (విద్యార్థిగా అమెరికాలో గడిపిన రోజులు నివాసపు లెక్కలోకి రావని తెలిపే పత్రం) పంపాలి.

రెసిడెంట్ల కోసం తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వివరాలు నింపితే రెసిడెంట్ల రిటర్ను 1040 తయారవుతుంది, తెరమీద వెయ్యి డాలర్ల రిఫండ్ మెరుస్తుంది. రూమ్‌మేట్‌కు వచ్చిందని మీరూ తీసుకోకండి. ఇప్పటికే తీసుకున్నవారు ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నోటీసు వచ్చేదాకా ఆగకుండా, వేసిన రిటర్నును సవరించే 1040-ఎక్స్‌తో పాటు సరైన 1040-ఎన్ఆర్ జతచేసి, ఆ సొమ్ము వడ్డీతో తిరిగి కట్టేయండి.