ఊరూపేరూ లేని సాఫ్ట్‌వేర్‌ను నమ్మొచ్చా? ఓపెన్ సోర్స్ మీద అపోహలు, వాస్తవాలు

ఆఫీసులకు, బడులకు, డీటీపీ షాపులకు, ఫొటో స్టూడియోలకు సిస్టమ్‌లు సెట్ చేసి ఇవ్వడం నా పని. ఫలానా పనికి ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలని అడిగితే చాలాసార్లు నేను చెప్పేది ఓపెన్ సోర్స్‌దే, అంటే కోడ్‌ను అందరూ చూసేలా తెరిచి ఉంచినదే. వీఎల్‌సీ, లిబ్రేఆఫీస్ పేర్లు చెబితే ఎవరూ ఏమీ అనరు. సుమత్రా, ఫొటోరెక్, స్క్రైబస్ అనగానే "ఊరూపేరూ లేనివి మాకెందుకు సార్" అంటారు. అలా అడగడం మంచిదే. తెలియని సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా అనుమానించాలి. అయితే ఆ అనుమానానికి చెప్పే కారణాల్లో చాలావరకు నిజం లేదు. ఓపెన్ సోర్స్‌ను ఇష్టపడేవాళ్లకూ కొన్ని అపోహలున్నాయి. వాటినీ చెబుతాను.

అపోహ: ఫ్రీగా వస్తోందంటే అది క్రాక్ వెర్షనే

మన దగ్గర ఈ అపోహ ఊరికే పుట్టలేదు. సిస్టమ్ ఫార్మాట్ కొట్టించిన ప్రతిసారీ ఆఫీస్, ఫొటోషాప్, పేజ్‌మేకర్ అన్నీ "ఫ్రీగా" ఎక్కించి ఇవ్వడం ఏళ్ల తరబడి నడిచింది. దాంతో డబ్బు కట్టకుండా వచ్చే ప్రతిదాన్నీ జనం ఒకే గాటన కట్టేశారు.

క్రాక్ అంటే కంపెనీ అమ్ముతున్న సాఫ్ట్‌వేర్ లైసెన్స్ తనిఖీని ఎవరో తప్పించి పంచిపెట్టడం. దాన్ని ఎక్కించడానికి ముందు యాంటీవైరస్ ఆపమంటారు, ఆ తర్వాత అడ్మిన్ అనుమతి అడుగుతారు. ఆ రెండూ ఇచ్చాక అది లోపల ఇంకేం చేస్తోందో ఇచ్చినవాడికీ తెలియదు, తీసుకున్నవాడికీ తెలియదు. ఓపెన్ సోర్స్ సంగతి వేరు. దాన్ని రాసినవాళ్లే వాడుకోండి, కాపీ చేసుకోండి, కావాలంటే మార్చుకోండి అని లైసెన్స్‌లో రాసిచ్చారు. వీటిలో చాలావాటికి వాడే జీపీఎల్ అనే లైసెన్స్ రెండో వెర్షన్ 1991 నాటిది. ఇంట్లో వాడినా, షాపులో వాడినా, ఆఫీసులోని అన్ని సిస్టమ్‌లలో వేసినా చట్టపరంగా ఏ ఇబ్బందీ లేదు.

మధ్యలో మూడో రకం ఒకటి ఉంది, మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది అక్కడే. ఇంట్లో వాడితే ఉచితం, వ్యాపారానికి వాడితే డబ్బు కట్టాలనే సాఫ్ట్‌వేర్లు కొన్ని. కొన్నాళ్లు వాడి చూసి కొనుక్కోవాల్సినవి ఇంకొన్ని. ఫైళ్లను కుదించే విన్‌రార్‌నే తీసుకోండి, దాని ట్రయల్ 40 రోజులే. ఆ తర్వాత కూడా తెరుచుకుంటుంది కాబట్టి అది ఉచితమనే అందరూ అనుకుంటారు. దాని బదులు సెవెన్-జిప్ వేసుకుంటే ఆ గొడవే ఉండదు. ఇగోర్ పావ్లోవ్ 1999లో విడుదల చేసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. రార్ ఫైళ్లను కూడా తెరుస్తుంది.

ఎక్కడి నుంచి డౌన్‌లోడ్ చేస్తున్నారనేది మాత్రం నిజంగా జాగ్రత్త పడాల్సిన విషయం. 2023 అక్టోబరులో పాస్‌వర్డ్‌లు దాచే కీపాస్ పేరుతో గూగుల్‌లో ఒక నకిలీ ప్రకటన వచ్చింది. క్లిక్ చేస్తే తెరుచుకునే సైట్ అడ్రసు అసలు దానిలాగే కనిపించేది, ఒక అక్షరం కింద మాత్రం చిన్న గుర్తు ఉండేది. అందుకే వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనలను నొక్కొద్దు. విండోస్‌లో అయితే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి గానీ, విండోస్‌లోనే ఉండే వింగెట్ కమాండ్‌తో గానీ తెచ్చుకోండి. ఆండ్రాయిడ్‌లో 2010 నుంచి నడుస్తున్న ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ ఉంది. సోర్స్ కోడ్ తీసుకుని యాప్‌లను వాళ్లే తయారుచేసి ఇస్తారు.

అపోహ: మనం పేరు వినలేదంటే పనితనం తక్కువే

పేరు వినిపించాలంటే ప్రకటనలకు ఖర్చు పెట్టాలి, లేదా కొత్త ల్యాప్‌టాప్‌లో ముందే ఎక్కించి ఇచ్చేలా కంపెనీలతో ఒప్పందం ఉండాలి. వీటికి ఆ రెండూ లేవు. నా అనుభవంలో ఓపెన్ సోర్స్ బాగా రాణించేది ఒక్క పనిని పట్టుకుని దాన్నే బాగుచేస్తూ పోయే చిన్న సాఫ్ట్‌వేర్లలోనే.

ఫొటోరెక్ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్టూడియోవాళ్లకు దీని అవసరం ఎప్పుడొస్తుందో చెప్పలేం. పెళ్లి తీసిన మెమరీ కార్డును పొరపాటున ఫార్మాట్ కొడితే ఉండే టెన్షన్ అంతా ఇంతా కాదు. కెమెరాలో మామూలుగా ఫార్మాట్ కొడితే ఫొటోలు చెరిగిపోవు, ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే ఖాళీ అవుతుంది. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఫొటోరెక్ ఆ పట్టికను పట్టించుకోదు. కార్డు మొత్తం చదువుతూ, జేపీజీ ఫైల్ మొదట్లో ఉండే గుర్తులు ఎక్కడ కనిపిస్తే అక్కడి నుంచి ఫొటోను బయటికి తీస్తుంది. కెమెరా రా ఫైళ్లు, వీడియోలు, పీడీఎఫ్‌లు, వర్డ్ ఫైళ్లు కూడా తీస్తుంది.

దీనికి కొన్ని షరతులున్నాయి. పొరపాటు జరిగిన క్షణం నుంచి ఆ కార్డులో ఒక్క ఫొటో కూడా తీయకూడదు. తిరిగొచ్చిన ఫైళ్లను అదే కార్డులో కాకుండా వేరే డ్రైవ్‌లో దాచుకోవాలి. ఫైళ్ల పాత పేర్లు రావు. పెద్ద వీడియోలు ముక్కలు ముక్కలుగా పడి ఉంటే సరిగ్గా అతకవు. కంప్యూటర్లోని ఎస్ఎస్‌డీ నుంచి డిలీట్ అయిన వాటి మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ట్రిమ్ అనే పద్ధతి వల్ల ఆ చోటును డ్రైవ్ తనంతట తానే శుభ్రం చేసేస్తుంది. నల్ల తెర, ఇంగ్లిష్ మెనూ చూసి భయపడేవాళ్ల కోసం అదే ప్యాకేజీలో క్యూఫొటోరెక్ ఉంది, మౌస్‌తో పని అయిపోతుంది. డబ్బు కట్టి కొనే రికవరీ సాఫ్ట్‌వేర్ల క్రాక్‌ల కోసం వెతికేముందు దీన్ని ప్రయత్నించండి.

మిగతావి క్లుప్తంగా. పీడీఎఫ్ చదవడానికే అయితే సుమత్రా చాలు. సైజు చాలా చిన్నది, పాత సిస్టమ్‌లో కూడా నొక్కగానే తెరుచుకుంటుంది. ఫారాలు నింపడానికి అది పనికిరాదు, దానికి ఒకులర్ వేసుకోండి. పెళ్లి డీవీడీలను ఫోన్‌లో చూసుకునేలా చిన్న ఎంపీ4 ఫైళ్లుగా మార్చడానికి హ్యాండ్‌బ్రేక్.

అపోహ: కోడ్ అందరూ చూస్తారు కాబట్టి మోసం జరగదు

ఇది అభిమానుల అపోహ, నాకు ఎక్కువ భయం వేసేది దీనితోనే. కోడ్ అందరికీ కనిపిస్తుందన్నది నిజం. అందరూ చూస్తారన్నది నిజం కాదు.

2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి బయటపడింది. విండోస్ లాంటిదే అయిన లినక్స్ ఓఎస్‌తో నడిచే సర్వర్లలో చాలాచోట్ల ఉండే సాఫ్ట్‌వేర్ అది. దాని భారమంతా ప్రధానంగా ఒక్క మనిషి మీదే ఉండేది. సాయం చేస్తానంటూ వచ్చిన మరో వ్యక్తి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఆ దొంగదారి పెట్టాడు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుతూ పోయి దాన్ని పట్టుకున్నాడు.

ఇందులో భయపడాల్సిందీ ఉంది, ధైర్యం తెచ్చుకోవాల్సిందీ ఉంది. కోడ్ తెరిచి ఉండబట్టే బయటి మనిషి దాన్ని తవ్వి తీయగలిగాడు. మరోపక్క, ఒక్క మనిషి అలసటను ఆసరా చేసుకుని అంత పని జరిగింది. కాబట్టి ఏదైనా సిఫారసు చేసేముందు నేను చూసేది దాన్ని ఎంతమంది నడుపుతున్నారు, చివరి వెర్షన్ ఎప్పుడొచ్చింది, ఎవరైనా తప్పు చూపిస్తే జవాబిస్తున్నారా అనేవే. సుమారు రెండేళ్లుగా కదలిక లేనిదాన్ని, అది ఇంటర్నెట్‌తో సంబంధం ఉన్నదైతే, నేను ఎవరికీ చెప్పను.

అపోహ: వీటిలో తెలుగు సరిగ్గా రాదు

ఒకప్పుడు ఇది నిజమే. పేజీలు డిజైన్ చేసే స్క్రైబస్‌లో తెలుగు పెడితే ఒత్తులు విడిపోయి పక్కన పడేవి, గుణింతాలు తప్పేవి. 1.5 శ్రేణిలో అక్షరాలను సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ చేర్చాక ఆ సమస్య తీరింది. 2024 జనవరిలో వచ్చిన 1.6 స్థిరమైన వెర్షన్‌లో కరపత్రాలు, సావనీర్లు, చిన్న పత్రికలు హాయిగా చేసుకోవచ్చు. ప్రెస్సువాళ్లు అడిగే సీఎంవైకే (నాలుగు రంగుల) పీడీఎఫ్ కూడా దీని నుంచే వస్తుంది. లోగోలు, ఫ్లెక్సీలకైతే ఇంక్‌స్కేప్. అందులో తెలుగు ఎప్పటినుంచో బాగానే వస్తోంది.

అసలు చిక్కు మరోచోట ఉంది. ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ ఏ కంప్యూటర్లోనైనా ఒకే గుర్తు ఇచ్చే పద్ధతి యూనికోడ్. మన డీటీపీ రంగం చాలాకాలం అది కాని ఫాంట్ల మీద నడిచింది. ఆ ఫైళ్లలో కంప్యూటర్ దృష్టిలో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, వేరే గుర్తులకు తొడిగిన తెలుగు బొమ్మలు. ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేది అందుకే. అలాంటి పాత ఫైల్ ఏ యూనికోడ్ సాఫ్ట్‌వేర్‌లోనూ నేరుగా పనికిరాదు, అది ఓపెన్ సోర్స్ అయినా, వేలకు వేలు పోసి కొన్నదైనా. కన్వర్టర్‌తో మార్చుకుని, ఒత్తులు ఒకసారి సరిచూసుకోవాలి. కొత్త పనిని మాత్రం యూనికోడ్‌లోనే మొదలుపెట్టమని ప్రతి డీటీపీ ఆపరేటర్‌నూ బతిమాలుతున్నాను. ఫాంట్లు లేవన్న మాట ఇప్పుడు చెల్లదు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, ఎన్టీఆర్, గిడుగు, సురవరం లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. పుస్తకంలో వాడినా, ప్రకటనలో వాడినా ఎవరినీ అడగక్కర్లేదు.

తెలుగువాళ్లకు నేను మనస్ఫూర్తిగా చెప్పే మరొకటి టెసరాక్ట్. బొమ్మగా ఉన్న అచ్చు పేజీని చదివి అక్షరాలుగా మారుస్తుంది. హెచ్‌పీ ప్రయోగశాలలో 1980లలో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్ అయింది. ఆ తర్వాత గూగుల్ చేయూతతో పెరిగింది. 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి తెలుగు చదవడంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించింది. దాన్ని నేరుగా వాడటం కష్టమనిపిస్తే జీఇమేజ్‌రీడర్ వేసుకుని, భాషల జాబితాలో తెలుగు డౌన్‌లోడ్ చేసుకోండి. పేజీని 300 డీపీఐలో, వంకర లేకుండా స్కాన్ చేయాలి. కంప్యూటర్ అచ్చు అయితే దిద్దాల్సింది కొంచెమే. సీసపు అక్షరాలతో అచ్చయిన పాత పుస్తకాల దగ్గర ఒత్తులు, ప-ఫ-ష లాంటి దగ్గరి పోలికలు తడబడతాయి. అయినా మొత్తం టైపు చేయడంతో పోలిస్తే దిద్దడం తేలికే. తాతగారి శతకమో, ఊరి చరిత్రో ఇంట్లో చెదలు పట్టిపోతుంటే ఈ వారమే స్కాన్ చేయండి.

అపోహ: ఇవి వాడాలంటే లినక్స్ వేసుకోవాలి

అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌ది వదిలేస్తే, ఇప్పటిదాకా వేసుకోమని చెప్పినవన్నీ విండోస్‌లో నడుస్తాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని సిస్టమ్‌లకు లినక్స్ మింట్ మంచి దారి. అది రెండో అడుగు. ముందు సాఫ్ట్‌వేర్లు అలవాటైతే తర్వాత ఓఎస్ మార్చినా కొత్తగా అనిపించదు.

అపోహ: ఒక్కడే నడిపే యాప్ రేపు ఆగిపోతే మన గతి అంతే

ఆగిపోతాయి, అమ్ముడుపోతాయి కూడా. సింపుల్ మొబైల్ టూల్స్ పేరుతో గ్యాలరీ, క్యాలెండర్ లాంటి శుభ్రమైన ఆండ్రాయిడ్ యాప్‌లు ఉండేవి. 2023 చివర్లో వాటిని ఒక కంపెనీ కొనేసింది. అప్పటిదాకా వాటిలో పనిచేసిన ఒక ప్రోగ్రామర్ పాత కోడ్ తీసుకుని ఫాసిఫై పేరుతో కొనసాగించాడు. లైసెన్స్ అందుకు అనుమతిస్తుంది. మామూలు యాప్ అమ్ముడైతే ఆ దారి ఉండదు.

ఇంకో రక్షణ ఫైల్ ఫార్మాట్‌లో ఉంది. కీపాస్‌ఎక్స్‌సీలో దాచిన పాస్‌వర్డ్‌ల ఫైల్‌ను ఫోన్‌లోని కీపాస్‌డీఎక్స్ తెరుస్తుంది. ఆ రెండింటినీ తయారుచేసింది వేరు వేరు మనుషులు, ఫైల్ మాత్రం ఒకే రకం. ఒకటి మూతపడినా మీ సమాచారం మీ దగ్గరే ఉంటుంది. ఆ ఫైల్‌కు పెట్టిన మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోతే ఎవరూ తెరవలేరు. దాన్ని కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులతో పాటు బీరువాలో పెట్టమని చెబుతాను.

అపోహ: ఫోన్‌లో పనికొచ్చేవి ఏమీ లేవు

2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో షేర్‌ఇట్ ఒకటి. ఆ తర్వాత చాలామంది సినిమా ఫైళ్లను కూడా వాట్సాప్‌లో పంపుకుంటూ డేటా ఖర్చు చేస్తున్నారు. లోకల్‌సెండ్ ఆ పనిని ఒకే వైఫై మీద, ఇంటర్నెట్ లేకుండా చేస్తుంది. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్ ఏ రెండింటి మధ్య అయినా సరే, ప్రకటనలు లేవు. అవతలి సిస్టమ్ కనిపించకపోతే విండోస్‌లో ఆ వైఫై "పబ్లిక్" అని ఉందేమో చూసి "ప్రైవేట్" చేయండి. చాలాసార్లు చిక్కు అక్కడే. హాస్టల్, హోటల్ వైఫైలలో ఫోన్లను ఒకదానికొకటి కనిపించనివ్వరు. అప్పుడు హాట్‌స్పాట్ ఆన్ చేసుకోండి.

అపోహ: ప్రతిదానికీ ఓపెన్ సోర్స్‌లో ప్రత్యామ్నాయం ఉంది

లేదు. జీఎస్టీ లెక్కలన్నీ ట్యాలీలో ఉండి, మీ ఆడిటర్ ట్యాలీ డేటానే అడుగుతుంటే దాన్ని కదిలించొద్దు. గ్నూక్యాష్ ఇంటి లెక్కలకు, చిన్న సంఘం లెక్కలకు చక్కగా సరిపోతుంది, ట్యాలీ స్థానంలో కూర్చోదు. టెండర్లకు డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లు ఆ సిస్టమ్‌ను విండోస్‌లోనే ఉంచండి. పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్లు కొనుక్కున్న పీఎస్‌డీ (ఫొటోషాప్) టెంప్లేట్లు, ఫొటోలు దిద్దే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గింప్‌లో తెరుచుకుంటాయి గానీ, లేయర్ ఎఫెక్ట్‌లు చెదరొచ్చు. ఇవి తెలిసి కూడా "అన్నీ మార్చేయండి" అని చెప్పేవాళ్ల వల్లే ఓపెన్ సోర్స్‌కు చెడ్డపేరు వస్తోంది. రెండు రోజులు పని ఆగిన షాపువాడు మళ్లీ ఆ పేరు ఎత్తనివ్వడు.

అపోహ: మనకు కోడింగ్ రాదు, మనం చేయగలిగింది లేదు

తెలుగు విషయంలో అయితే కోడింగ్ తెలిసినవాళ్లకంటే మీ అవసరమే ఎక్కువ. ఒత్తు తప్పిందని, పొల్లు కింద పడిందని విదేశాల్లో కూర్చున్న ప్రోగ్రామర్‌కు కనిపించదు. మీకు కనిపిస్తుంది. ఫిర్యాదు పంపేటప్పుడు తప్పు వచ్చిన పదాన్ని బొమ్మగా మాత్రమే కాకుండా యూనికోడ్‌లో టైపు చేసి ఇవ్వండి. ఫాంట్ పేరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, విండోసా లినక్సా అన్నది రాయండి. సరైన రూపం ఎలా ఉండాలో పక్కనే ఒక స్క్రీన్‌షాట్ పెట్టండి. ఇంగ్లిష్ రెండు ముక్కలైనా పర్వాలేదు, ఈ ఐదూ ఉంటే అవతలివాళ్లు పని మొదలుపెట్టగలరు.