డబ్బా చిన్నదైనంత మాత్రాన చప్పుడు తగ్గదు: చిన్న డెస్క్‌టాప్‌లపై అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో కంప్యూటర్లు అసెంబుల్ చేసి ఇవ్వడం, రిపేర్లు చూడడం నా పని. వారంలో ఒకరైనా ఇదే మాటతో షాపు మెట్లెక్కుతారు. "అన్నా, అరచెయ్యంత డబ్బా, టేబుల్ మీద చప్పుడు లేకుండా ఉంటదని తీసుకున్న. పిల్లగాడు గేమ్ పెట్టంగనే పిండిగిర్నీ లెక్క మోగుతుంది. ఖరాబైందా?" ఖరాబేం కాలేదు. ఆ డబ్బాకు చేతనైన పని అది చేస్తోంది, అంతే. ఈ ఒక్క అపోహ వల్ల జనం రెండుసార్లు డబ్బు పెడుతున్నారు కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం. మిగతావి తర్వాత గబగబా చెప్పేస్తాను.

అపోహ: సైజు తగ్గితే చప్పుడూ తగ్గుతుంది

ఎక్కువసార్లు జరిగేది దీనికి తలకిందులు. ప్రాసెసర్ ఎన్ని వాట్లు తింటే అంత వేడి బయటికి పోవాలి. పెద్ద క్యాబినెట్‌లో 65 వాట్లయినా, అరచెయ్యంత డబ్బాలో 65 వాట్లయినా వేడి ఒకటే. తేడా అంతా ఆ వేడిని లాగే హీట్‌సింక్‌లో, ఫ్యాన్‌లో ఉంది. ఒకే డిజైన్ ఫ్యాన్‌ను సగం సైజుకు కుదిస్తే, అదే వేగంలో అది తోసే గాలి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అంటే 120 ఎంఎం ఫ్యాన్ 800 ఆర్‌పీఎంలో (నిమిషానికి 800 చుట్లు) తీరిగ్గా తోసే గాలిని తోయాలంటే 60 ఎంఎం ఫ్యాన్ ఆరు వేల పైన తిరగాలి. వేగం రెట్టింపైన ప్రతిసారీ ఫ్యాన్ చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. మన చెవికేమో 10 డెసిబెల్స్ పెరిగితేనే రెట్టింపు చప్పుడు అనిపిస్తుంది. పైగా చిన్న ఫ్యాన్‌ది సన్నటి, కీచుమనే మోత. పెద్ద ఫ్యాన్ గాలి చప్పుడుకు రెండు రోజుల్లో అలవాటు పడిపోతాం. దీనికి పడలేం.

ఇక అట్టపెట్టె మీద రాసే వాట్లు. ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్ మీద 65 వాట్లని ఉంటుంది. అది బేస్ పవర్ మాత్రమే. టర్బోలో, అంటే పని ఎక్కువై వేగం పెంచుకున్నప్పుడు, 117 వాట్ల దాకా పోవచ్చని ఇంటెల్ స్పెసిఫికేషన్‌లోనే ఉంది. దాన్ని చిన్న డబ్బాలో బిగిస్తే ఫ్యాన్ పూర్తి వేగం అందుకుంటుంది. అదీ చాలకపోతే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మీరు డబ్బు పెట్టింది స్పీడ్‌కు, మీకు మిగిలింది మోత.

దీనికి మన ఎండలు తోడు. యూట్యూబ్ రివ్యూల్లో టెస్టులు ఎక్కువగా 22, 25 డిగ్రీల ఏసీ గదుల్లో జరుగుతాయి. మే నెలలో రామగుండంలో స్లాబ్ కింద గది 38 ఉంటుంది. గది వేడి ఎంత పెరిగితే ప్రాసెసర్ వేడీ దాదాపు అంతే పెరుగుతుంది కాబట్టి, వీడియోలో 70 దగ్గర ఆగింది మన దగ్గర 85కు చేరుతుంది. ఫ్యాన్ ఊరుకుంటుందా?

ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక పత్తి వ్యాపారి ఆఫీసుకు ఇట్లాంటి డబ్బా చూడ్డానికే వెళ్లాను. పగలు ట్యాలీ, బిల్లులు. సాయంత్రం కొడుకు వచ్చి జీటీఏ ఫైవ్ ఆడతాడు. మూత తీస్తే హీట్‌సింక్ కనపడలేదు, దాని మీద దూది పరుపు. గాలి పోయే సందే లేదు. బ్లోయర్‌తో శుభ్రం చేశాక ట్యాలీకి చప్పుడు పోయింది, గేమ్‌కు పోలేదు. చివరికి ఆ డబ్బాను బిల్లింగ్‌కే ఉంచేసి, అబ్బాయికి వేరే మిషన్ కట్టించారు. రెండుసార్లు ఖర్చంటే ఇదే. (బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. గాలికి అడ్డూఆపూ లేకుండా తిరిగితే బేరింగ్ పోతుంది.)

మరి ఏం కొనాలి? పని ప్రధానం, ఆటలు ఎప్పుడో ఒకసారి అనుకుంటే రీఫర్బిష్డ్‌లో (వాడినవి బాగుచేసి అమ్మేవాటిలో) దొరికే ఒక లీటర్ సైజు డబ్బాలు మంచివే: డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ. ప్రాసెసర్ పేరు చివర 'టి' ఉండాలి, ఐ5-8500టి లాగా. ఆ 'టి' రకాలు 35 వాట్లవి, అందుకే చిన్న ఫ్యాన్ కూడా నెమ్మదిగా తిరుగుతూ నెట్టుకొస్తుంది. తక్కువ సెట్టింగ్స్‌లో వాలరెంట్ ఆడుకోవచ్చు. అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు, వీటిలో మామూలుగా గ్రాఫిక్ కార్డ్ పెట్టే చోటు ఉండదు.

ఆట కూడా కాస్త గట్టిగా కావాలంటే అరచేతి డబ్బా ఆశ వదిలేసి మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజు బోర్డు పట్టే క్యాబినెట్‌కు రండి. టేబుల్ మీద ఒక జానెడు ఎక్కువ తీసుకుంటుంది, అంతే. ఏఎండీ ప్రాసెసర్లు రైజెన్ 5 5600జీ గానీ, బడ్జెట్ ఉంటే 8600జీ గానీ పెట్టి, మీద 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ బిగించండి. ఆ కూలర్లు చాలావరకు 155 ఎంఎం ఎత్తుంటాయి. క్యాబినెట్ అంత ఎత్తు కూలర్‌ను పట్టనిస్తుందో లేదో చూడకుండా కొని, సైడ్ డోర్ మూసుకోక మళ్లీ వచ్చేవాళ్లున్నారు. ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్ వద్దు, 8 జీబీవి రెండు వేయండి. ఈ ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటాయి. ఒక్క స్టిక్‌తో గేమ్ స్పీడ్ బాగా పడిపోతుంది. ధరలు మాత్రం రాయను. 2025 చివర్లో ర్యామ్ రేట్లు ఎట్లా ఎగబాకాయో మీరూ చూశారు.

ఇప్పటికే కొనేసినవాళ్లు బాధపడకండి. పైసా ఖర్చు లేని పనులు మూడున్నాయి. గేమ్‌లో ఎఫ్‌పీఎస్‌ను (సెకనుకు చూపే ఫ్రేముల సంఖ్యను) మానిటర్‌కు సరిపడా 60 దగ్గరో, 75 దగ్గరో కట్టేయండి. కనబడని ఫ్రేముల కోసం మిషన్ చెమటోడ్చడం ఆగుతుంది. బయోస్‌లో, అంటే మిషన్ ఆన్ అవుతూనే తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్‌లో, ప్రాసెసర్ పవర్ తగ్గించండి. 5600జీని 45 వాట్లకు దించే వీలు ఏఎండీనే ఇచ్చింది, రోజువారీ పనిలో తేడా తెలియదు. మూడోది ఫ్యాన్ సెట్టింగ్. 3-పిన్ ఫ్యాన్‌ను బోర్డు పీడబ్ల్యూఎం మోడ్‌లో (4-పిన్ ఫ్యాన్ల పద్ధతి) నడిపిస్తే అది ఎప్పుడూ పూర్తి వేగంలోనే తిరుగుతుంది. దాన్ని వోల్టేజ్‌తో వేగం తగ్గించే డీసీ మోడ్‌కు మార్చడం నిమిషం పని. దీనికోసం కొత్త క్యాబినెట్ కొనమన్న సలహాలు కూడా నా చెవిన పడ్డాయి. ఏమనాలి?

అపోహ: కంప్యూటర్ టేబుల్ అరలో పెట్టి తలుపేస్తే చప్పుడు వినబడదు

పది నిమిషాలు వినబడదు. వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుని ఆ తర్వాత రెట్టింపు మోగుతుంది. గోదావరిఖనిలో ఒకమ్మాయి ఇంటి నుంచి పని చేస్తుంది. మీటింగుల్లో ఫ్యాన్ మోత మైకులోకి పోతోందని డబ్బాను అరలో పెట్టి తలుపేసింది. లోపల బొగ్గు దుమ్ము సరేసరి. బయటికి తీసి, గోడకు జానెడు దూరంలో పెట్టించాను. సింగరేణిలో రిటైరైన వాళ్ల నాన్న ఆ రాత్రే ఫోన్ చేశారు: "72 చూపిస్తుంది బిడ్డా, పేలుతదా?" పేలదు బాపూ, నిమ్మళంగా పడుకో అన్నాను. ఇట్లా భయపడేవాళ్ల మీద నాకు కోపం రాదు, భయపెట్టే వీడియోల మీదే కోపం. 5600జీకి కంపెనీ పెట్టిన గరిష్ఠ హద్దు 95 డిగ్రీలు, 12400కు 100. ఆట మధ్యలో 75, 80 మామూలే. హద్దు దగ్గరికి వస్తే చిప్ తనే వేగం తగ్గించుకుంటుంది, మరీ మీరితే మిషన్ ఆగిపోతుంది. గేమ్ మెనూలో సన్నగా 'కీ' మనే చప్పుడు వస్తే అదీ ప్రమాదం కాదు, కరెంటు కాయిల్స్ అదురు. ఎఫ్‌పీఎస్ కట్టేస్తే చాలావరకు పోతుంది.

అపోహ: ఐ7 అంటే ఐ7

కాదు. తక్కువ ధరకు "ఐ7, 16 జీబీ, రంగుల లైట్లు" అని అమ్మేవాటిలో చాలావరకు మూడో, నాలుగో జనరేషన్‌వి. ఐ7-4790 వచ్చింది 2014లో, 84 వాట్లు తింటుంది. కొత్త ఐ3-12100 దాన్ని సులువుగా దాటేస్తుంది. విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కావాలి. అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి ఇస్తారు కూడా. కానీ అందులో వాలరెంట్ టీపీఎం, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే మిషన్ మొదలయ్యే ఏర్పాటు) అడుగుతుంది, అవి లేకపోతే తెరుచుకోదు. ముచ్చటపడి కొనుక్కున్న పిల్లలు ఇక్కడే ఏడుపు ముఖం పెడతారు.

అపోహ: గేమ్ అంటే పెద్ద గ్రాఫిక్ కార్డ్ తప్పదు

అప్పుడప్పుడు ఆడేవాళ్లకు తప్పుతుంది. పైన చెప్పిన 8600జీ చాలా ఆటలను 1080పీలో తక్కువ సెట్టింగ్స్‌తో లాక్కొస్తుంది. చాలదంటే ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ చూడండి. 70 వాట్లదే, చాలా మోడళ్లకు వేరే పవర్ కేబుల్ అక్కర్లేదు.

అపోహ: 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంట్ అందించే పెట్టె) పెడితే కరెంట్ బిల్లు పేలిపోతుంది

అది ఇవ్వగలిగిన గరిష్ఠం, ఎప్పుడూ తీసుకునేది కాదు. టైపింగ్, బ్రౌజింగ్‌కు ఇట్లాంటి మిషన్ 30, 40 వాట్ల దగ్గరే ఉంటుంది. ఎనిమిది గంటలు నడిపినా యూనిట్‌లో మూడో వంతు. భయపడాల్సింది క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే పేరులేని ఎస్‌ఎంపీఎస్‌లకు. లోపల నాసిరకం ఫ్యాన్, చప్పుడులో సగం దానిదే.

అపోహ: మ్యాక్ మినీ కొంటే అన్ని బాధలూ పోతాయి

ఎం4 మ్యాక్ మినీ చిన్నది, చాలా నిశ్శబ్దం, ఒప్పుకుంటాను. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పనిచేసే డీటీపీ వాళ్లకు, వాలరెంట్ ఆడే పిల్లలకు పనికిరాదు, అవి అందులో నడవవు.

షాపులో ఏసీ మోత, రోడ్డు మీద హారన్లు ఉంటాయి కాబట్టి చప్పుడు అక్కడ తేలదు. కంప్యూటర్ షాపుల సముదాయమైన సికింద్రాబాద్ సీటీసీకి పొద్దున్నే రైలెక్కి వెళ్లి తెచ్చుకునేవాళ్లు ఈ సంగతి మరీ చూసుకోవాలి, తిరిగివ్వడానికి మళ్లీ అంత దూరం పోవాలి. కొనేముందే రిటర్న్ ఎన్ని రోజుల్లో తీసుకుంటారో అడగండి, ఇంటికి తెచ్చిన రోజే అరగంట గేమ్ నడిపి చూడండి. బిల్లు మీద ప్రాసెసర్ పేరు చివరి అక్షరంతో సహా రాయించుకోండి. 12400 అని చెప్పి 12400ఎఫ్ ఇస్తే, ఆ 'ఎఫ్' రకంలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, వేరే కార్డ్ కొనేదాకా మానిటర్‌లో బొమ్మే రాదు.